పక్క డబ్బాలో ఆరువందల పద్నాలుగు

మా ఆయన జగదీశ్వర్ బొగ్గు తవ్వలేదు. బొగ్గు బావి పైన లాంపు రూములో ఆయన పని. కిందికి దిగేవాళ్లకు నెత్తిన పెట్టుకునే దీపం నంబరు చూసి ఇవ్వడం, షిఫ్టు అయ్యాక తిరిగి తీసుకొని ఛార్జింగు పెట్టడం. ఇరవై రెండేళ్లు అదే చేశాడు. బజారులో ఎవరైనా నమస్తే పెడితే నా చెవిలో "రెండొందల ఏడు" అనేవాడు. "పేరేంది?" అంటే నవ్వేవాడు.

షిఫ్టు అయ్యాక దీపాలు తగిలించే కొక్కేల్లో ఏది ఖాళీగా మిగిలిందో, అంటే ఎవరు పైకి రాలేదో, అందరికంటే ముందు ఆయనకే తెలిసేది. ఆ బావిలో ఒక పద్ధతి ఉంది. కింద ప్రాణం పోయినవాడి నంబరు మళ్లీ ఎవరికీ ఇవ్వరు. ఇచ్చినా పెట్టుకొని దిగేవాడు లేడు.

2008లో బ్లాగు మొదలుపెట్టాడు. ప్లేడే నాడు, అంటే వారం సెలవు నాడు, చౌరస్తాలో తస్లీమా నడిపే నెట్ సెంటర్‌కు పోయి బావి సంగతులు రాసేవాడు. ఆఫీసర్లు చూస్తారన్న భయంతో తన పేరు ఎక్కడా పెట్టలేదు. ఒకసారి నన్నూ తీసుకుపోయి చూపించాడు. రాతల పక్కన డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఒకదాంట్లో క్యాలెండరు, ఒకదాంట్లో ఎంతమంది చూశారో లెక్క, ఇంకోదాంట్లో పాత రాతల జాబితా. అన్నిటికంటే పైన "పైకి రానివాళ్లు" అనే డబ్బా. ముప్పై ఏడు పేర్లు, పేరు పక్కన లాంపు నంబరు.

"గిది పక్కకెందుకు పెట్టినవ్?" అని అడిగాను.

"రాసిందేమో కొత్తది వస్తుంటే కిందికి పోతది రాజీ. పక్కకు పెట్టింది పోదు. ఏ పేజీ తెరిచినా కండ్లకు కనవడ్తది."

2011లో పచ్చకామెర్లతో పోయాడు. దవాఖానలో తొమ్మిది రోజులు ఉన్నాడు. దినాలన్నీ అయ్యాక ఇంట్లో ఏం చెయ్యాలో నాకు తోచలేదు. నేను చదివింది ఐదో తరగతి. ఆయన నోటుబుక్కులో బ్లాగు పాస్‌వర్డు ఉంటే పట్టుకొని తస్లీమా దగ్గరికి పోయాను. అంత రాసిన మనిషి పేరు అందులో ఒక్కచోట లేదు. ఒక్కచోటైనా ఉండాలన్నదే నా కోరిక.

తస్లీమా కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. డబ్బా మూలన ఉన్న గుర్తు నొక్కితే అది తెరుచుకుంటుందని, రాశాక సేవ్ నొక్కాలని చూపించింది. "మెల్లగ చెయ్యక్కా, మిషినేం కరవది," అంది. ఒక్కో అక్షరం వెతుక్కొని ముప్పై ఏడు పేర్ల కింద ఆయన పేరు కొట్టాను. పక్కన నంబరు లేక ఆ వరుస బోసిగా ఉంది. నోటుబుక్కులో "614 నాది" అని ఒకచోట ఉంది. రిపేరు పని మీద ఎప్పుడైనా కిందికి దిగాల్సి వస్తే ఆయన తీసుకునే స్పేరు లాంపు అది. ఆ నంబరు పెట్టాను. ఆ రోజు ఇంటికి వచ్చి కడుపునిండా తిన్నాను.

నెల తిరగకముందే సారలమ్మ వచ్చింది. మా వెనక లైను క్వార్టర్ ఆమెది. మొగుడు మొగిలి బావిలో కొత్తగా పర్మినెంటయ్యాడు. ఆమె గడప దాటి లోపలికి రాలేదు.

"రాజక్కా, మేం నీకేం చేసినమే? నా మొగడు బతికే ఉన్నడు గదా!"

నాకు అర్థం కాలేదు.

"ఆర్నూట పద్నాలుగు మా ఆయన లాంపు. నెట్ల చచ్చినోళ్ల కింద పెట్టినవట. చచ్చినోని లాంపు నా నెత్తిన పెట్టిన్రని నాలుగు దినాల సంది డ్యూటీకి పోతలేడు. బువ్వ ముట్టడు. గోడ దిక్కు తిరిగి పండుతుండు."

ఆయన పోయాక ఆ స్పేరు లాంపు మొగిలికి ఇచ్చారని నాకు తెలియదు. "మా ఆయన బాయిల పోలేదమ్మా, దవాఖానల పోయిండు," అన్నాను.

"మరి బాయిల పోయినోళ్ల నడుమ ఎందుకు పెట్టినవ్?"

చెప్పులేసుకొని చౌరస్తాకు నడిచాను. డబ్బా తెరిచి నంబరు చెరిపాను. పేరు కూడా చెరిపాను. తస్లీమా నా భుజం మీద చెయ్యి వేసింది.

"అన్న పేరుకు వేరే డబ్బా పెడదాం అక్కా, నంబరు లేకుంట. రెండు నిమిషాల పని."

"వద్దు బిడ్డా. ఆయన పేరు చూసి ఒక మనిషి బువ్వ మానేసిండు."

సాయంత్రం మొగిలి తన కళ్లతో చూస్తానని పట్టుబట్టాడు. ముగ్గురం మళ్లీ పోయాం. మొగిలి గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క నంబరు చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. అడుగుకు వచ్చి వేలు ఆపాడు.

"వదినె, గీడ చుక్క ఉంది. పక్కన పేరు లేదు. ఎవరి కోసం ఖాళీ ఉంచినవ్?"

నేను ఆయన పేరు చెరిపాను గానీ, ఆ వరుస ముందుండే చుక్క అలాగే మిగిలిపోయింది. ముప్పై ఏడు పేర్ల కింద ముప్పై ఎనిమిదో చోటు ఖాళీగా ఉంది. సారలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తస్లీమా లేవబోతే వద్దన్నాను. నేనే డబ్బా తెరిచి ఆ చుక్కను చెరిపి సేవ్ నొక్కాను. మొగిలి మూడోసారి చదివాడు.

"రేపు మొదటి షిఫ్టు పోత," అన్నాడు సారలమ్మతో. నా వైపు చూడలేదు.

మర్నాడు ఆరు గంటలకు వాళ్ల తలుపు తీసిన చప్పుడు వినిపించింది. ఆ పూట నేను పొయ్యి ముట్టించలేదు. షిఫ్టు దిగే వేళ దాటి, వెనక లైనులో మొగిలి దగ్గు, సారలమ్మ బకెట్ నింపుతున్న చప్పుడు వినిపించాక బియ్యం కడిగాను.