యెఫ్తా బిడ్డ పేరు అడిగినామె

జిన్నారంలో మా చర్చికి వచ్చే ఆమె, నేను సేఫ్టీ ఇంజనీరుగా ఉన్న ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు మీద ఊడ్చేది. పాస్టరుగారి ప్రసంగంలో బైబిల్లోని పేరులేని స్త్రీ వస్తే ఊరుకునేది కాదు.

"తండ్రి మొక్కుకు బలైన యెఫ్తా బిడ్డ పేరేంది అయ్యగారూ?"

"రాయలేదమ్మా."

"తండ్రి పేరైతే మంచిగ రాసిండ్రు!"

ఒక మధ్యాహ్నం గ్యాస్ లీకై సైరన్ మోగింది. గేటు బయట లిస్టులోని పేర్లు పిలిచి లెక్కపెట్టాను. ముప్పై నాలుగుకు ముప్పై నాలుగు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"డ్రమ్ములు కడిగే ఒడియా పిల్ల రాలే తమ్మీ."

"లిస్టులో లేదమ్మా."

"లిస్టుల లేదు, లోపల ఉంది!"

కొంగు తడిపి ముక్కుకు చుట్టుకుని లోపలికి నడిచింది. నేను మాస్కు తగిలించుకుని వెనకే పరుగెత్తాను. స్పృహ తప్పిన ఆ అమ్మాయిని ఇద్దరం మోసుకొచ్చాం. బయటి గాలి తగిలాక కళ్లు తెరిచింది.

ముక్కు మీది కొంగు తీసి ఆమె దగ్గుతూనే అంది: "ఇద్దరి పేర్లు రాయి తమ్మీ. నాది గూడ లిస్టుల లేదు."