వంతుల సెండాయ్

సెండాయ్ అన్నం లేకుండా రెండు రోజులుంటుంది గాని, ఎవరైనా వంతు తప్పితే రెండు నిమిషాలు ఊరుకోలేదు. సర్ఫింగులో ఆసియా మొత్తం మీద మూడుసార్లు గెలిచిన మనిషి. ఆ మూడు కప్పులూ గరిటెలు పెట్టుకోమని నా హోటలుకిచ్చేసింది. గెలుపు గురించి అడిగితే ఆవులిస్తుంది. వంతుల గురించి అడిగారో, మీ పళ్లెంలో చేప చల్లారిపోయినట్టే.

అలల మీద ఒక ధర్మముంది. అల విరిగే చోటికి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వాళ్లది. మిగతావాళ్లు ఆగాలి. మా సియార్గావ్ దీవిలో పిల్లలకు ఇది ఉగ్గుపాలతోనే వస్తుంది. కాకపోతే ఒడ్డెక్కగానే మేమంతా మరచిపోతాం. సెండాయ్ మరచిపోదు.

మా ఊరిపెద్ద కెప్టెన్ తిబుర్సియో కూతురి పెళ్లిలో టీవీ చూసి పాడే వీడియోకే మైకు పట్టుకుని వరసగా మూడో పాట ఎత్తుకున్నాడు. సెండాయ్ వెళ్లి మైకు మీద చెయ్యి వేసింది.

"వంతు ఎవరిది, కెప్టెన్?"

"నా కూతురి పెళ్లి, నా మైకు, నా కరెంటు!"

"పాట మాత్రం పెద్రో తాతది. ముప్పావుగంట నుంచి చీటీ పట్టుకుని కూర్చున్నాడు పాపం."

పెద్రో తాత పాడాడు. ఆ గొంతుకి బల్లమీద కాల్చిన పంది లేచి పారిపోతుందేమో అనిపించింది. పెళ్లివాళ్లంతా చెవులు మూసుకుంటే, సెండాయ్ ఒక్కతే తల ఊపుతూ ఆఖరిదాకా విన్నది.

చర్చిలో పాపాలు చెప్పుకునే వరసలోంచి ఫాదరుగారి సొంత అక్కనే వెనక్కి పంపింది.

"నాకున్నది ఒక్క పాపమేనే అమ్మాయ్, చిటికెలో అయిపోతుంది!"

"ఒక్కటే అయితే మరి తొందరేముంది?"

ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. ఐదుగురు అన్నలకీ తనకీ కలిపి ఒకటే బోర్డు. అదీ ఎవరో టూరిస్టు విరగ్గొట్టి పారేసిన ముక్క. తొమ్మిదేళ్ల సెండాయ్ పొద్దున్నే నీళ్లలో కూర్చుంటే సాయంత్రానికి ఒక అల దక్కేది. కొన్నాళ్లు అదీ లేదు. ఏడ్చేది కాదు. పెదాలు నీలం తిరిగేదాకా కూర్చుని, మర్నాడు మళ్లీ వచ్చేది. అలా కూర్చునీ కూర్చునీ సముద్రాన్ని చదవడం నేర్చింది. పదహారో ఏట అన్నలందరినీ ఓడించింది.

ఆ ఒడ్డు మీదే నేను ముప్పై ఏళ్లుగా చేపలు కాలుస్తున్నాను. ఓ రోజు నోరు జారి, "చచ్చేలోగా ఒక్కసారి నేనూ ఆ అల మీద రావాలే" అన్నాను. ఇక చూడండి! హోటల్లో జనం లేనప్పుడల్లా నన్ను బల్లమీద బోర్లా పడుకోబెట్టి, "చేతులు ఆనించు! లే! మళ్లీ!" అంటూ ప్రాణం తీసేది. నేను బాగానే ఉన్నాను గాని బల్లకి రెండు కాళ్లు పోయాయి.

"నా వంతు ఎప్పుడే?" అనేదాన్ని.

"ఇంకా రాలేదు, నాంగ్ ప్రిమా. నీ ముందు చాలామంది ఉన్నారు."

పెద్దక్కని మా వైపు నాంగ్ అంటారు. చాలామంది ఉన్నారన్నది నిజమే. ఒకసారి తీసుకెళ్లింది కూడా. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన నలభై మంది నీళ్లలో ఉన్నారు. యాభై ఎనిమిదేళ్ల వంటమనిషికి అల వదిలే మగాడు ఏడీ? సెండాయ్ గొంతు చించుకుంటున్నా ఒకడు నా మీదుగానే దూసుకుపోయాడు. కడుపునిండా ఉప్పునీళ్లు తాగి ఒడ్డున పడ్డాను.

"సముద్రంలో అలలు తగ్గాక స్నానం చేస్తానన్నట్టుంది నా సంగతి" అన్నాను. సెండాయ్ నవ్వలేదు.

ఇంతకీ ఆసియాని గెలిచిన ఈవిడ మా ఊరి పోటీలో ఒక్కసారీ గెలవలేదు. కిందటేడు ఫైనల్లో మంచి అల అందుకుని చివరి క్షణంలో పక్కకి తప్పుకుంది. ఏమే అంటే, "తాబేలు నాకన్నా అలకి దగ్గరగా ఉంది, నాంగ్. దాని వంతు" అంది. జడ్జీలు తాబేలుకి మార్కులు వెయ్యలేక అవతలి పిల్లకి కప్పిచ్చారు.

ఈ ఏడు మాత్రం మనిషి మారిపోయింది. ముప్పయ్యారేళ్లు వచ్చాయి. మోకాలు బన్‌రొట్టెలా వాస్తోంది. ఇదే ఆఖరన్నాడు డాక్టరు. అయినా తెల్లారకముందే నీళ్లలో ఉండేది. పట్టు పట్టిందంటే ఉడుంపట్టే.

"నాలుగో కప్పులో ఏం పెట్టుకోనే? ఉన్న గరిటెలన్నిటికీ చోటుంది" అన్నాను.

"కప్పు ఎవరిక్కావాలి? గెలిచినవాళ్లకి పావుగంట సముద్రం ఖాళీ చేసిస్తారు. వాళ్లు ఒప్పుకోకుండా ఇంకెవరూ దిగకూడదు. నాకది కావాలి."

వెళ్లిపోయే ముందు ఒక్కతే ఆడుకోవాలనుకుంటోంది కాబోలు అనుకున్నాను. గెలిస్తే బాగుండునని ఆ రాత్రి మొక్కుకున్నాను కూడా.

ఫైనల్లో ఎదురు మరికార్ అని లా యూనియన్ తీరం నుంచి వచ్చిన పిల్ల, పంతొమ్మిదేళ్లది. అరగంట పోటీ. తొమ్మిదో నిమిషంలో ఆ పిల్ల కాలి తాడు తెగి, బోర్డు రాళ్ల దాకా కొట్టుకుపోయింది. పాపం, ఈదుకుంటూ దాని వెనకాల వెళ్లింది. నియమం ప్రకారం ఇప్పుడొచ్చే అలలన్నీ సెండాయ్‌వే.

సెండాయ్ చేతులు కట్టుకుని కూర్చుంది.

అద్దంలాంటి అల వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. పెద్దన్న రోకే ఒడ్డున నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"ఎక్కవే! అక్కడెవరూ లేరే!"

"వస్తోందిగా! తాడు తెగినప్పుడు వంతు ఆ పిల్లది!" అని అక్కణ్ణుంచే అరిచింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత కష్టపడి, మోకాలికి ఇంత వాపు తెచ్చుకుని, మళ్లీ తాబేలు కథేనా!

మరికార్ బోర్డు తెచ్చుకుంది. తెచ్చుకున్నదే తడవుగా మంచి అల పట్టి మార్కుల్లో ముందుకెళ్లిపోయింది. ఇక రెండు నిమిషాలే ఉంది. అల విరిగే చోటికి దగ్గరగా ఉన్నది మరికారే, వంతు మళ్లీ తనదే. అల లేచింది. పిల్ల తొందరపడి ఎక్కేసింది. సెండాయ్ ఆ అల వైపు చూడనైనా లేదు. దాని వెనక నల్లగా లేస్తున్నదాన్ని చూస్తోంది. చిన్నప్పుడు కూర్చున్న కూర్చోవడమంతా అప్పుడు పనికొచ్చింది.

"ఇది నాది!" అంది.

ఆ అల మా హోటలు కప్పు కన్నా ఎత్తుంది. సెండాయ్ నిలువునా జారి, నీటి తెర వెనక మాయమైంది. పొద్దున్నుంచీ వేదిక మీద వాగుతున్న కెప్టెన్ మైకు కూడా నోరు మూసుకుంది. తెర అవతలి చివర్నుంచి, వాచిన మోకాలు మీద వంగి, నవ్వుతూ బయటికొచ్చింది. జడ్జీలు ముగ్గురూ లేచి నిలబడ్డారు. గెలిచింది.

కప్పుతో కెప్టెన్ వేదిక మీద నిలబడే ఉన్నాడు. సెండాయ్ నీళ్లోడుతూ తిన్నగా నా హోటల్లోకి వచ్చింది. చంకలో తన బోర్డుతో పాటు అంత పొడుగు బోర్డు ఇంకోటుంది.

"లే, నాంగ్. నీ వంతొచ్చింది."

"నా వంతా?" గరిటెతో పొయ్యి చూపించాను. "పొయ్యిమీద చేపలున్నాయే!"

"చేపల వంతు తరవాత. పావుగంటే ఉంది, నడు!"

ఊరంతా చూస్తుండగా, ఏప్రన్‌తోనే దిగాను. సముద్రంలో మేమిద్దరమే. రాళ్లు లేని వైపు, అల మెత్తబడే చోట నన్ను బోర్లా పడుకోబెట్టింది. వెనక నుంచి ఒక్క తోపు తోసింది. "చేతులు ఆనించు! లే!"

బల్ల రెండు కాళ్లు ఊరికే పోలేదు. లేచాను. మోకాళ్ల మీదే అనుకోండి, అయినా లేచాను. ఒడ్డు నావైపు పరిగెత్తుకొచ్చింది. పెద్రో తాత టోపీ గాల్లోకి విసిరాడు. నేను ఏం అరిచానో నాకు తెలీదు గాని, ఇప్పటికీ ఊళ్లో పిల్లలు అలాగే అరిచి నన్ను ఏడిపిస్తారు.

రొప్పుతూ, బోర్డు లాక్కుంటూ వెనక్కి వెళ్లాను. ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి.

"ఇంకొక్కటే! ఇంకొక్కటి తొయ్యవే సెండాయ్!"

సెండాయ్ అప్పటికే అలకి దగ్గరగా, తన బోర్డు మీద బోర్లా పడుకుని ఉంది. కనుబొమలు ముడిచి నావైపు చూసింది.

"వంతు ఎవరిది, నాంగ్?"

నోరు మూసుకుని, చేతులు కట్టుకుని, నా వంతు కోసం కూర్చున్నాను.