రోడ్డు మీది కల్లం

కడపలో పద్దెనిమిదేళ్లుగా కారు, స్కూటరు నేర్పి పొట్ట పోసుకుంటున్నాను. నా నోరు మంచిది కాదని ఊళ్లో అందరికీ తెలుసు. క్లచ్ మీద కాలు పెట్టి కునుకు తీసేవాళ్లను, అద్దంలో తమ మీసం తప్ప వెనక వచ్చే లారీ చూడనివాళ్లను తిట్టకుండా నేర్పడం నాకు చేతకాదు. లైసెన్సు చేతికొస్తే బండి నడపడం వచ్చేసినట్టేనని మనవాళ్ల నమ్మకం. దాన్ని తిట్టడంతోనే నా సగం జీవితం గడిచింది.

నేను ఒక్క మాటా అనకుండా నేర్పింది ఒక నర్సుకు మాత్రమే. వేంపల్లె దారిలోని పల్లెలకు టీకాలు వేయడానికి తిరగాలని ఆమె నలభై ఏళ్ల వయసులో స్కూటరు నేర్చుకుంది. హెల్మెట్ పట్టీ బిగించకుండా తాళం తిప్పేది కాదు. ఎదురుగా లారీ లైట్లు కళ్లలో పడితే వేగం తగ్గించి ఎడమ అంచు పట్టుకోమని చెప్పాను. ఎప్పుడూ అలాగే చేసేది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆమెను చూపించి, "అట్ల నడపండప్పా" అనేవాణ్ణి.

అదే దారిలో మా అన్న సేద్యం చేస్తాడు. ఉలవలు కోశాక మాకు తారు రోడ్డే కల్లం. కోసిన ఉలవ కట్టెను సగం రోడ్డు దాకా పరిస్తే, పోయే బస్సులూ లారీలూ తొక్కి గింజ రాలుస్తాయి. రాలిన గింజను అంచున కుప్పచేసి, చక్రాలు ఎక్కకుండా చుట్టూ తలకాయంత రాళ్లు పెడతాం. రోడ్డు మీద పంట వేయడం ప్రాణాలతో చెలగాటమని నా దగ్గర నేర్చుకునేవాళ్లకు గొంతు చించుకుని చెబుతాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, లుంగీ ఎగ్గట్టి, మళ్లీ నేనే పరిచేవాణ్ణి. శకునం చెప్పే బల్లి తానే పోయి కుడితిలో పడిందంటారే, అదీ నా సంగతి.

ఒక ఆదివారం పొద్దు గుంకే వేళకు గింజంతా సంచులకెత్తాం. రాళ్లు మిగిలాయి. పక్కకు తీద్దామని వంగాను.

"ఉండనీలేరా, రేపు మళ్లా ఈడనే గదా పోసేది" అన్నాడు అన్న.

నడుం నొప్పిగా ఉంది. సరేనన్నాను.

గంటలోపే ఆ నర్సు స్కూటరు మీద ఆ దారిన వచ్చింది. ఎదురు లారీ లైట్లు పడగానే వేగం తగ్గించి, ఎడమ అంచు పట్టుకుంది. ఆ అంచునే నేను పెట్టిన రాయి ఉంది. స్కూటరు దాన్ని ఎక్కి రోడ్డు వైపు పడింది, ఆమె లారీ కిందికి పోయింది. మేం చేనులోంచి పరుగెత్తి వచ్చేసరికే ప్రాణం లేదు. హెల్మెట్ పట్టీ మాత్రం బిగించే ఉంది. పోలీసులు వచ్చేలోగా మా అన్న రాళ్లన్నీ ఏరి కంపలోకి విసిరేశాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

మట్టి ఇచ్చిన మూడోరోజు ఆమె భర్త నా దగ్గరికి వచ్చాడు. ఇంటి ముందే మిషను పెట్టుకుని బట్టలు కుట్టే మనిషి.

"నేర్పించింది మీరే గదా సార్. ఆమె యాడ తప్పు చేసిందో మీకే తెలుస్తాది. చెప్పండి."

ఊరందరినీ తిట్టే నోరు అప్పుడు అబద్ధమాడింది.

"రోంత స్పీడుగా వచ్చింటాదప్పా" అన్నాను.

ఆయన తలూపి వెళ్లిపోయాడు. ఇంతకన్నా నీచమైన పని నా జీవితంలో చేయలేదు.

నాలుగేళ్ల తర్వాత ఆమె కూతురు కారు నేర్చుకోవడానికి వచ్చింది. డిగ్రీ చదువుతోంది.

"మాయమ్మ స్పీడుగా పోయి సచ్చిపాయ సార్. నాకు నిదానంగా పొయ్యేది నేర్పిస్తారంటేనే మా నాయన ఒప్పుకున్యాడు."

పదోరోజు వేంపల్లె దారి పట్టాం. ఎవరివో ఉలవలు రోడ్డంచున కుప్పగా ఉన్నాయి, చుట్టూ రాళ్లు. నేను చెప్పకముందే ఆ పిల్ల వేగం తగ్గించింది.

"ఈ రాళ్లు తగిలితే స్కూటరోళ్ల గతేంది సార్?" అంది.

నేర్పేవాడికని నా వైపు పెట్టిన బ్రేకు మీద నా కాలు పడింది. కారు ఆగింది.

"మీయమ్మ స్పీడుగా రాలేదు పాపా. నేను నేర్పినట్లే వచ్చింది. ఆయమ్మ తగులుకున్య రాయి నేను పెట్టిందే. మీ నాయనకు అబద్ధం చెప్పినా."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆగిపోయిన ఇంజన్ను మళ్లీ స్టార్టు చేసింది.

"ఈ మాట మా నాయనకు చెప్పాల సార్" అంది.

నేను నడుపుతానని తలుపు తీయబోయాను. "మీరు కూచోండి" అంది. అద్దం చూసింది, సిగ్నలు వేసింది, కారు కడప వైపు తిప్పింది. వేగం నలభై దాటలేదు. ఎదురుగా లారీ వస్తే ఎడమకు జరిగింది, అచ్చం వాళ్లమ్మలాగే. వాళ్లిల్లు చేరేదాకా నా వైపు బ్రేకు మీంచి కాలు తీయలేకపోయాను.

ఆ పిల్ల నాయన ఇంటి ముందు మిషను తొక్కుతున్నాడు. కారు ఆగగానే లేచి నా వైపు వచ్చాడు.

"మా పాప నిదానంగానే తోల్తాండాదా సార్?" అని అడిగాడు.