గంప మీద అమ్మ చీర

నా చిన్నప్పుడు తాండూరులో ముసురు పట్టిందంటే వారం పది రోజులు బట్టలు ఆరేవి కావు. ఇప్పుడు మా కోడలు మీట నొక్కితే యంత్రం గిర్రున తిప్పి గంటలో ఆరబెట్టి ఇస్తుంది. అప్పట్లో మా యంత్రమల్లా కుంపటి మీద బోర్లించిన వెదురు గంప. దాని మీద తడిబట్ట పరిచి, తిరగేస్తూ ఓపిగ్గా కూర్చోవాలి.

ఒక ఏడు ఎండాకాలంలో మా అమ్మ పోయింది. మా ఊరు మర్పల్లిలో సేద్యం వదలలేక నాన్న నన్ను తాండూరులో మేనత్త ఇంట్లో ఉంచి బడిలో వేశాడు. పిల్లలు లేని మా అత్త వేళకు అన్నం పెట్టేది, జడ వేసేది, అమ్మ మాట మాత్రం ఎత్తేది కాదు. అసలు నాకు అమ్మంటూ ఒకరు లేనట్టే ఉండేది ఆ ఇంట్లో. ఊరి నుంచి అమ్మ చీర ఒకటి తెచ్చుకున్నాను. అది కప్పుకుని, వాసన చూస్తూ పడుకునేదాన్ని. ఆ వాసన పోతుందని ఉతకనిచ్చేదాన్ని కాదు.

ఒకరోజు పైకప్పు బండల సందులోంచి వాన కారి చీర తడిసిపోయింది. ఆరకపోతే ముక్కిపోతుంది, అత్త చూస్తే ఉతికేస్తుంది. ఆమె నీళ్లకు వెళ్లగానే బొగ్గులు ఎర్రబడేదాకా విసిరి, గంప బోర్లించి చీర పరిచాను. తొందరగా ఆరాలని ఇంకా విసిరాను. కమురు వాసన వచ్చింది. తీసి చూస్తే కొంగు అరచేతంత కాలిపోయింది.

అత్త వచ్చి చూసింది. తిట్టలేదు.

"గంత నిప్పెందుకు బిడ్డా? బూడిద కప్పాలె. జర సెగ తగిల్తె సాలు" అంటూ నిప్పుల మీద బూడిద కప్పి, చీర మళ్లీ పరిచింది. మధ్యాహ్నమంతా ఇద్దరం పక్కపక్కన కూర్చుని దాన్ని తిరగేస్తూ ఆరబెట్టాం. ఆరాక ముఖానికి ఆనించుకుంటే పొగ వాసన తప్ప ఇంకేమీ లేదు. అమ్మ పోయాక నేను అంతగా ఏడ్చింది అప్పుడే.

"నువ్వు ఏడుస్తవనే మీ అమ్మ పేరు తియ్యలే బిడ్డా. గీ ఇంట్ల ఎవ్వలకు వాళ్లమే ఏడుస్తున్నం" అని అత్త నన్ను దగ్గరికి తీసుకుంది. అమ్మ కోడలుగా వచ్చిన కొత్తలో జొన్నరొట్టెలు ఎలా మాడ్చేదో చెప్పింది. ఏడుస్తూనే నవ్వాను.

పోయినేడు మా ఇంటాయన కన్నుమూశాక పిల్లలు నా ముందు ఆయన మాట ఎత్తడం మానేశారు. నాలుగు రోజులు చూశాను. తర్వాత అందరినీ దగ్గర కూర్చోబెట్టుకుని, ఆయన పేరు నేనే ఎత్తాను.