నాగలమడిక ఇసుకలో మునక

చెనిక్కాయ చేలు ఎండిపోయిన కరువు ఏడు అది. నాగలమడిక బస్సులో నా పక్కన కూర్చున్న అవ్వకు పినాకిని ఏట్లో మునిగి గుళ్లో సుబ్బరాయుణ్ణి చూస్తానని మొక్కు. దిగి చూస్తే ఏరంతా ఇసుకే. గుడి ముందు డ్రమ్ములో ట్యాంకరు నీళ్లు పెట్టి, వచ్చినవాళ్లను తలమీద చల్లుకొని లోపలికి పొమ్మంటున్నారు గుడివాళ్లు.

"చల్లుకొనేకి నేనేమన్నా మంచాన పడినానా? ఏట్లోనే మునుగుతా" అంది అవ్వ.

"నీళ్లు యాడుండాయవ్వా?"

"కిందుండాయి, రాప్పా."

ఇసుకలో కూలబడి రెండు చేతులతో తవ్వింది. మోచేతి లోతున చెమ్మ తగిలింది, ఇంకా తవ్వితే చెలమ ఊరింది. సంతలో కొన్న కొత్త చెంబుతో ముంచి ముంచి నెత్తిన పోసుకొని, తడిచీరతో గుడికేసి నడిచింది.

నేనూ పక్కనే తవ్వడం మొదలుపెట్టాను. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఏరంతా చెలమలే. డ్రమ్ము దగ్గర ఒక్కరూ లేరు.