కండె దురద, నా చేతి గంజి

ఆ పొద్దున మగ్గానికెక్కించే పడుగు నూలు వీధిలో చాపి, గంజి పెట్టి, నేనూ మా ఆయనా చెరోవైపు నిలబడి కుంచెతో దువ్వుతున్నాం. మా కుక్క కండె ఎప్పటిలాగే పడుగు పక్కన పడుకుని ఉంది. చిన్నప్పుడు నూలు కండెలున్న గంపలో దూరి నిద్రపోయేది కాబట్టి ఆ పేరు పెట్టాం. గంజి వాసనకు మేకలు వచ్చి పోగులు నమిలేస్తాయి, వాటిని తరమడం దాని ఉద్యోగం. ఆ రోజు ఒక మేక నేరుగా వచ్చి పడుగుకు మూతి ఆనించింది. కండె లేవలేదు. వెనక్కాలితో చెవి వెనక గోక్కుంటూనే ఉంది. మేకను చూస్తూ కూడా గోకడం ఆపలేకపోయింది. కుంచె పడేసి నేనే మేకను తరిమాను.

కుక్క దురదకు కూడా ఇంత కథా అని నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసి పోవచ్చు. నేను రాస్తున్నది ఇంట్లో మూగజీవి ఒళ్ళు గీరుకుంటుంటే చూడలేని వాళ్ళ కోసం.

వారం తిరిగేసరికి చెవుల అంచుల దగ్గరా, పొట్ట కిందా వెంట్రుకలు రాలిపోయాయి. చర్మం ఎర్రబడి పొక్కులు లేచాయి. సలహాలకు మా వీధిలో కరువు లేదు. ఒకరు కిరసనాయిలు పోయమన్నారు. ఒకరు లారీ ఇంజనులోంచి తీసిన మడ్డినూనె పూయమన్నారు. యుద్ధం రోజులు, దీపానికే కిరసనాయిలు దొరికేది కాదు. దొరికినా పుండు మీద పోసేదాన్ని కాదు.

మా వీధి పెద్ద ఒకాయన ఉన్నాడు. పడుగులు ఎవరు ఎక్కడ చాపాలో ఆయనే చెబుతాడు. ఆయన గుమ్మం ముందుకొచ్చి, "ఏమ్మా, ఆ గజ్జికుక్కని కాలవ అవతల వదిలేసి రండి. గజ్జి నూలుకి అంటుకుందని తెలిస్తే బెజవాడ షావుకారు మన బట్ట ముట్టుకుంటాడా?" అన్నాడు.

"నూలుకి గజ్జి ఎట్టా అంటుద్దండీ? నూలు గోక్కుంటదా?" అన్నాను.

మా ఆయన వెనకనుంచి నా కొంగు లాగాడు. నాకు నోరెక్కువని ఆయనకు పెళ్ళిలోనే తెలుసు.

బట్ట ఇవ్వడానికి బెజవాడ వన్ టౌనుకు వెళ్ళే రోజున, అక్కడి పశువుల ఆసుపత్రిలో చూపిద్దామని కండెను కూడా బయల్దేరదీశాను. పడవవాడు కుక్కను ఎక్కించుకోనన్నాడు. మూటా, మా ఆయనా పడవలో వెళ్ళారు. నేనూ కండే కంకిపాడు మీదుగా కాలవగట్టు పట్టుకుని నడిచాం. పశువుల ఆసుపత్రిలో అన్నీ ఎడ్లూ గేదెలే, కుక్కతో వచ్చింది నేనొక్కదాన్నే. డాక్టరు గారు పెద్దాయన. బ్లేడుతో దాని చర్మం మెల్లగా గీకి, గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపులో చూశారు.

"దీన్ని స్కిన్ స్క్రేపింగ్ అంటారమ్మా. మేంజ్ ఉంది, గజ్జే. కంటికి కనపడని పురుగు. భయపడకు, తగ్గేదే."

"ఖరీదైన మందు రాయకండి బాబూ, కొనలేను."

"ఖరీదేముంది? సల్ఫర్."

అంటే గంధకం. పొడి ఆయనే కొలిచి పొట్లాలు కట్టి ఇచ్చారు. ఒక్కో పొట్లం కానుగ నూనెలో కలిపి పూయమన్నారు. ఆరేదాకా నాకనివ్వొద్దని, అది పడుకునే గోనె తగలబెట్టమని చెప్పారు. అన్నీ అలాగే చేశాను. ఇరవై రోజుల్లో పొక్కులు మాడిపోయి, చెవుల మీద సన్నగా నూగు వచ్చింది.

దురద మాత్రం పూర్తిగా పోలేదు. చర్మం ఎండి పొట్టు రాలుతోంది. చిన్నప్పుడు మాకు చెమటకాయలు లేస్తే మా అమ్మ అన్నం గంజి చల్లార్చి రాసేది, ఒళ్ళు హాయిగా ఉండేది. అది గుర్తొచ్చింది. అయితే రేషను బియ్యం రోజుల్లో గంజి మాకే ఒక పూట ఆహారం. అందుకని పడుగుకు పెట్టగా మిగిలిన గంజి పలచన చేసి రోజూ కండె ఒంటికి పోశాను. ఎటూ పారబోసేదే కదా అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఐదారు రోజులకు చర్మం మళ్ళీ ఎర్రబారి రసి కారింది. ఒళ్ళు నాకి నాకి వాంతి చేసుకునేది. వీధి పెద్ద మళ్ళీ వచ్చాడు.

"ఇంక నావల్ల కాదమ్మా. రేపట్నించి కుక్క వీధిలో ఉంటే మీ పడుగు వీధిలో పడదు."

నేతవాడికి వీధి లేకపోతే పడుగు లేదు. పడుగు లేకపోతే బట్ట లేదు, కూడు లేదు. మా ఆయన అరుగు మీద తల పట్టుకు కూర్చుని, "ఏం చేద్దామే?" అన్నాడు.

"కాలవగట్టు మీద చాపుదాం. గట్టు ఆయన తాతది కాదుగా!"

చాపాం. గట్టు మీద గాలికి పోగులు తెగేవి. ఒకటి అతికేలోగా నాలుగు తెగేవి. కోపంతో ఏడ్చాను గానీ కండెను వదలలేదు. మర్నాడు నేనూ కండే మళ్ళీ బెజవాడ నడిచాం.

డాక్టరు గారు మళ్ళీ గీకి చూశారు. పురుగు లేదన్నారు. ఒంటికి ఏం పోస్తున్నావని అడిగి, నేను చెప్పింది విని, "ఏదీ, నీ చేతులు చూపించు" అన్నారు. నా గోళ్ళ పక్కన పగుళ్ళున్నాయి.

"ఇవి మండట్లా?"

"మండుతున్నయ్యండి. మాకు మామూలే."

"ఎప్పట్నించి?"

"ముసురు పట్టిన కాడ్నించి. పడుగుకి బూజు పట్టకుండా గంజిలో మైలుతుత్తం..."

అంటూనే నా వేళ్ళ వంక, కండె ఒంటి వంక చూశాను.

"మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. పచ్చి ఒంటి మీద రోజూ అదే పోస్తున్నావు, అది నాకుతోంది. ఇది జబ్బు కాదమ్మా, ఇరిటేషన్. నీకు నోరుండీ చెప్పలేదు, దానికి నోరే లేదాయె."

నేనే నా చేత్తో కలిపి, నేనే నా చేత్తో పోశాను. వీధి మొత్తానికి ఎదురు తిరగడానికి నాకు క్షణం పట్టలేదు. ఈ మాట మా ఆయనతో చెప్పే ధైర్యం కూడగట్టుకోవడానికి ఇంటిదాకా దారంతా పట్టింది.

ఆ రోజు డాక్టరు గారు మందే ఇవ్వలేదు. ముందు మంచినీళ్ళతో శుభ్రంగా కడగమన్నారు. గంజి పోయాలంటే మేం తాగేదే, ఉప్పు వేయకముందు తీసి, చల్లార్చి పోసి, కాసేపాగి కడిగేయమన్నారు. అలాగే చేశాను. చూసిన ఇరుగమ్మ ఊరుకోలేదు.

"మనుషులకి లేని గంజి కుక్కకా?"

"నా లోటాలోది పోస్తున్నా వదినా. నీ లోటాలోది కాదుగా."

ఆవిడ పిల్లలు ఆకలితో పడుకున్న రోజులున్నాయి, ఆవిడ మాటలో తప్పు లేదు. నా వాటాలో సగం పోశాను, సగం తాగాను. పది రోజులకు కండె గోకడం మానేసింది.

ఈలోగా కాపలా లేని వీధిలో మేకలు రాజ్యమేలాయి. ఒక పొద్దున వీధి పెద్ద పడుగే సగం నమిలేశాయి. సాయంత్రం ఆయన గట్టు మీదికి వచ్చి, "వీధిలోకి రండమ్మా" అన్నాడు.

"కండె వస్తేనే."

"నేను రమ్మనేది దాన్నే," అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఇప్పుడు యుద్ధం అయిపోయింది. కండె మూతి నెరిసింది, మేకలను లేవకుండానే గుర్రుమని తరుముతోంది. ముసురులో కాస్త దురద వస్తే కడిగి, చల్లటి గంజి పోస్తాను. రెండు రోజుల్లో తగ్గకపోతే బెజవాడ నడుస్తాను.

మీకు చెప్పేది ఒక్కటే. కుక్క ఒంటికి ఏది పెట్టినా అది నాకుతుంది, మరిచిపోకండి. పెట్టేముందు మీ పగిలిన వేలికి రాసుకుని చూడండి. మండిందా, చెయ్యి కడుక్కుని దాన్ని పారబోయండి. నా వేళ్ళు ముసురు మొదటి రోజు నుంచీ నాకు చెబుతూనే ఉన్నాయి. నేనే వినలేదు.