నెత్తళ్ళ పొట్లం, ఇరవై మూడు కుక్కలు

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై ఏళ్ళు నిండీ నిండని రోజుల్లో, ఉద్యోగానికి కావలసిన మొదటి అర్హత రాని పనిని వచ్చునని చెప్పగలగడమేనని గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పటి పిల్లలు పాపం సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టుకుని వస్తారు. నేను వట్టి ధైర్యం పెట్టుకుని వెళ్ళాను. ఆ ధైర్యంతోనే, "నీకు కుక్కలంటే బయిమేటీ నేదు కదే?" అని మావ అడిగితే, "కుక్కలంటే నాకు పేణం మావా" అనేశాను. (నిజం చెప్పాలంటే, మా వీధి చివరింట్లో ఒక కుక్క ఉందని పదేళ్ళపాటు బడికి పొలం గట్ల మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాను. ఆ కుక్కకి పళ్ళు ఎప్పుడో ఊడిపోయాయని తర్వాత తెలిసింది.)

మావ అంటే మా అమ్మ తమ్ముడు. అరకు వచ్చే టూరిస్టులను జీపులో తిప్పేవాడు. వైజాగ్ నుంచీ హైదరాబాద్ నుంచీ కార్లలో వచ్చేవాళ్ళు కుక్కల్ని కూడా వెంట తెచ్చుకోవడం, "వీటిని కాసేపు వదిలే చోటేదైనా ఉందా?" అని అడగడం చాలాసార్లు విన్నాడట. రిజర్వాయరు ఒడ్డున రాళ్ళు తప్ప ఏమీ పండని తన నేల చుట్టూ వెదురు దడి కట్టి, కుక్కల పార్కు అని బోర్డు రాయించాడు. లోపలికి వచ్చాక గొలుసు విప్పేయవచ్చు. కుక్కలు గడ్డిలో దొర్లవచ్చు, నీళ్ళలో దిగవచ్చు, వాటి ఇష్టం. అసలు కుక్కకి గొలుసు ఎందుకో తెలియని మా ఊరికి ఈ వ్యాపారం బొత్తిగా అర్థం కాలేదు. "కట్టీదీ ఆళ్ళే, ఇప్పడానికి ఇంత దూరం తెచ్చీదీ ఆళ్ళే" అని మా ఊరిపెద్ద దడి అవతల నిలబడి రోజంతా ఆశ్చర్యపోయేవాడు.

నా పని గేటు దగ్గర. కొండ మీద సిగ్నల్ అందే బండ ఒకటి ఉంటే, దాని మీద కూర్చుని ఫోన్లో వీడియోలు చూసి నియమాలన్నీ నేనే రాశాను. టీకాలు వేయని కూనల్ని తేకూడదు. తినేవి ఏవీ లోపలికి తేకూడదు. ఎవరి కుక్క మీద వాళ్ళ కన్ను ఉండాలి. కుక్కలు చుట్టుముడితే పరిగెత్తకూడదు. బోర్డు బ్రహ్మాండంగా ఉంది, చదివినవాళ్ళంతా మెచ్చుకున్నారు. కుక్కలకే చదువు రాదు. గేటు తెరిచిన ప్రతిసారీ లోపలున్నవన్నీ ఒక్కుమ్మడిగా దూసుకొచ్చేవి, బయటినుంచి వచ్చేది గొలుసుకి కట్టి ఉండి అటూ ఇటూ పోలేక కోరలు చూపించేది, వెంటనే రణరంగం. నేను ఆ సమయానికి ఎక్కడుండేదాన్నంటే గేటు పక్కనున్న టికెట్ల బల్ల మీద. (కింద కాదు, మీద.) మూడో ఆదివారం ఆ గలాటాలో ఒక కుక్క బయటపడి ఊరి మేకల్ని తరిమింది. ఊరిపెద్దగారి మేకకి కాలు విరిగింది.

ఊళ్ళో కూర్చుని మాట్లాడుకున్నారు. వచ్చే ఆదివారం కూడా గొడవైతే దడి పీకేసి, ఆ నేలలో ఎప్పటిలా మేకల్ని తోలుకోవాలని తేల్చారు. మా అమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. వైజాగ్‌లో ఒక బట్టల షాపులో మాట్లాడి పెట్టింది. "ఆదివారం తేడా వచ్చిందా, సోమవారం నిన్ను బస్సెక్కించీత్తాను" అంది. ఆ షాపు నేను చూశాను. కిటికీ లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి, వచ్చినవాళ్ళకల్లా అవే చీరలు మళ్ళీ మళ్ళీ విప్పి చూపించాలి. నాకు కొండలు కావాలి, మంచు కావాలి, మా ఊరు కావాలి. కుక్కలంటే ఎంత భయమో ఊరు వదలడమన్నా అంత భయం, రెండింటిలో ఏది పెద్దదో తేల్చుకోలేక రెండు రోజులు అన్నం సయించలేదు.

శనివారం మా అమ్మమ్మ వచ్చి, చుట్ట నిప్పు వైపు నోట్లోకి తిప్పి అడ్డపొగ పెట్టుకుని గేటు ఎదుట రాయి మీద కూర్చుంది. ఒక కారు వచ్చింది, గేటు తెరిచాను, కుక్కలు దూసుకొచ్చాయి, నేను బల్లెక్కాను. అమ్మమ్మ అంతా చూసి చుట్ట తీసింది.

"ఓలే, ఎవులూరికైనా అలగ సొరబడిపోతారేటి?" అంది. "మనం కొత్తూరెల్తే ఏటి సేత్తాం? ఊరి సివర నిలబడి కేకేత్తాం. కుక్కలొత్తాయి, వాసన సూత్తాయి, అరిసి అరిసి ఆటికే ఇసుగొచ్చి పోతాయి. అప్పుడు కదా ఊల్లోకెల్తాం. నీ పార్కుకి ఊరి సివరేదే?"

నిజమే. మా కొండల్లో ఇది చెప్పకుండానే అందరికీ తెలిసిన పద్ధతి. పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్న పని నాకు తట్టలేదు, ఎక్కడో ఎవరో తీసిన వీడియోల్లో వెతుక్కున్నాను. పొద్దు పోయేలోగా మావా నేనూ గేటు బయట నాలుగు గజాల చోటికి మరో దడి కట్టి, దానికీ ఓ తలుపు పెట్టాం. వచ్చినవాళ్ళు ముందు అక్కడ నిలబడాలి. లోపలి కుక్కలు వెదురు సందుల్లోంచి వాసన చూసి, విసుగెత్తి వెళ్ళిపోయాక, గొలుసు విప్పి ఒక్కొక్క కుక్కనే లోపలికి వదలాలి.

ఆదివారం మంచు విడవకముందే కార్లు బారులు తీరాయి. పద్ధతి అద్భుతంగా పనిచేసింది. పది గంటలకల్లా నేను నేల మీదే నిలబడి ఉన్నానంటే చూసుకోండి. చెకింగు కూడా నేనే. బిస్కెట్లు, బొంగులో చికెన్, చివరికి ఒక పాపాయి చేతిలోని మురుకు కూడా లాక్కుని చెట్టుకి వేలాడదీశాను. పోలీసు అమ్మాయిలా నడుం మీద చేతులు పెట్టుకుని పార్కంతా ఒకసారి తిరిగి వద్దామని, నీటి ఒడ్డుదాకా వెళ్ళాను. అప్పుడు ఒక గోధుమరంగు కుక్క వచ్చి నా స్వెట్టరు జేబులో ముక్కు పెట్టింది.

జేబులో మా అమ్మ కట్టిచ్చిన అడ్డాకు పొట్లం ఉంది. అందులో వేయించిన ఎండు నెత్తళ్ళు, వేలెడంత చేపలు. ఊరందరి సంచులూ వెతికినదాన్ని నా జేబు వెతుక్కోలేదు. (తినేవాళ్ళలో నన్ను నేను లెక్కపెట్టుకోలేదు, అధికారంలో ఉన్నవాళ్ళకి ఇది మామూలేనట.) గోధుమరంగుది తోక ఊపగానే మరో నాలుగు వచ్చాయి. ఆ తర్వాత అన్నీ వచ్చాయి. మొత్తం ఇరవై మూడు. నా కాళ్ళు పరిగెత్తడానికి సిద్ధమైపోయాయి. పొట్లం విసిరేస్తే నేను బతికిపోతాను, కానీ అది పడినచోట ఇరవై మూడు కుక్కలూ కొట్టుకుంటాయి, దడి అవతల ఊరిపెద్ద సరిగ్గా దానికోసమే కూర్చుని ఉన్నాడు. కళ్ళముందు బట్టల షాపు కనిపించింది.

"పరిగెట్టకే గుంటా," అని దడి అవతలినుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత నిదానంగా. "నీల్ల బిందెట్టుకున్నట్టు నడిసి రా."

నడిచాను. తల మీద బిందె ఉందనుకుని, మెడ కదల్చకుండా, చేతులు రెండూ జేబు మీద పెట్టుకుని నడిచాను. రెండు వందల అడుగులుంటుంది. వెనకాల ఇరవై మూడు కుక్కలు పెళ్ళి ఊరేగింపులా వస్తున్నాయి. ఒకటి మోచేయి నాకింది, ఒకటి స్వెట్టరు అంచు పట్టుకుంది. దేవుళ్ళందర్నీ తలుచుకున్నాను, ఇరుగింటివాళ్ళ దేవుణ్ణి కూడా వదల్లేదు. దడి చేరి స్వెట్టరూ పొట్లమూ కలిపి అమ్మమ్మకి అందించాను. ఆవిడ పొట్లం విప్పి, ఒక్కొక్క నెత్తలినీ తీరిగ్గా నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టింది. కుక్కలు బారుగా కూర్చుని చివరి నెత్తలి దాకా చూశాయి. ఆకు ఖాళీ అయ్యాక నిట్టూర్చి ఎవరి దారిన అవి పోయాయి.

"ఇప్పుడు బయటికొచ్చి సుట్టంనాగ మల్లీ ఎల్లు," అంది అమ్మమ్మ మూతి తుడుచుకుని.

బయటి దడిలో అప్పటికే నల్ల కళ్ళద్దాల సారు ఒకాయన గంట నుంచి నిలబడి ఉన్నారు. ఆయన కుక్క దూడంత ఉంది. గొలుసు విప్పనంటే విప్పనని, కావాలంటే మిగతావాటినే కట్టించమని వచ్చినప్పటినుంచీ పట్టుబట్టారు. నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడి, నెత్తళ్ళ వాసన వదలని చేతుల్ని వెదురు సందుల దగ్గర పెట్టాను. వణుకు దాచుకోలేకపోయాను.

"ఏమ్మా, నీకు భయమా?" అన్నారాయన మెల్లగా.

"చాలా భయం సార్."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "నాకూ అంతేనమ్మా. ఇది మా ఆవిడది. దీన్ని వదిలితే మళ్ళీ ఎలా పట్టుకోవాలో నాకు తెలీదు."

కుక్కలు వచ్చి నా చేతులు వాసన చూసి, ఆయన కుక్కనీ చూసి, విసుగెత్తి వెళ్ళిపోయాయి. నేను ముందు నడిచాను. ఆయన కళ్ళు మూసుకుని గొలుసు విప్పారు. దూడంత కుక్క లోపలికి వచ్చి, పిడికెడంత కూనపిల్ల ఒకటి భౌ అనగానే నా వెనక దాక్కుంది. నా వెనక. నన్ను ధైర్యవంతురాలనుకున్న మొదటి ప్రాణి అదే.

సాయంత్రం దాకా ఒక్క గొడవ లేదు, ఒక్క గాటు లేదు. ఊరిపెద్ద లేచి పంచె దులుపుకుని, "ఈయాల ఏటీ అవనేదు" అన్నాడు, సినిమా బాగాలేదన్నట్టు. "మేకలు కొండమీదైనా మేత్తాయిలే. మీ పార్కు మీరుంచుకోండి" అన్నాడు. మావ నన్ను భుజాల మీదికి ఎత్తుకోబోయాడు, నడుం పట్టేసి మధ్యలో దించేశాడు. అమ్మ మాత్రం, మా పిల్ల రాదని బట్టల షాపుకి ఫోన్ చేసి చెప్పడానికి సిగ్నల్ బండ ఎక్కింది. నాకంటే గొప్పగా గెలిచినవాళ్ళెవరూ ఆ సాయంత్రం ఈ కొండల్లో లేరని నాకనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు పార్కు నేనే చూసుకుంటున్నాను. ఎంత పెద్ద కుక్క వచ్చినా ఒంటిచేత్తో చెవులు నిమురుతూ ఫోన్లో మాట్లాడుకోగలను. కొత్తగా పనిలో చేరిన అమ్మాయిలు నన్ను చూసి, "అక్కకి బయిమే నేదు" అని చెప్పుకుంటారు. అది నిజమే, అందుకే అందులో గొప్పేమీ లేదు. నీటి ఒడ్డునుంచి దడిదాకా ఆ రెండు వందల అడుగులూ నేను రోజూ నడుస్తాను, కానీ మోకాళ్ళు వణుకుతుంటే తల ఎత్తుకుని నడిచిన ఆ ఇరవై ఏళ్ళ గుంటలా నడవడం మాత్రం ఇప్పుడు నాకు చేతకాదు.